రావులపాలెం రూల్సు

రావులపాలెం కాలేజీ గ్రౌండులో ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడతారని రావులపాలెంలోనే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో ఒక రకం ఆడే పిల్లల తల్లులు. ఇంకో రకం, పక్కనున్న అరటిగెలల మార్కెట్లో లారీ నిండేదాకా కాస్త నీడ వెతుక్కునే వ్యాపారులు. తల్లులు మెట్ల మీద కూర్చుని ఆట చూసేవారు. వ్యాపారులు వాళ్ల వెనక కూర్చుని తల్లుల మాటలు వినేవారు. రెండింట్లో ఏది ఎక్కువ రక్తి కట్టేదో ఇప్పుడు చెప్పడం కష్టం.

ఆ మాటల్లో ముప్పాతిక మంగతాయారువి. తాయారు బి.ఏ. చదివింది, ఆ తర్వాత ఇరవయ్యేళ్లుగా కాపురం చేస్తోంది. ఈ రెండూ కలిస్తే మనిషికి ఒక చూపు వస్తుంది కదా, అది ఆవిడకి నిండుగా వచ్చింది. నవ్వకుండా మాట్లాడుతుంది. ఎదుటివాళ్లు నవ్వితే ఏమైందండీ అన్నట్టు చూస్తుంది. మొదటిసారి బేస్‌బాల్ చూసొచ్చిన రోజు ఆ ఆటని మొగుడికి ఇలా వివరించింది: కర్ర పుచ్చుకుని బంతిని కొట్టాలి, కొట్టినందుకు పరిగెత్తాలి, మూలమూలకీ ఒక బేసు పెడతారు, అవన్నీ తొక్కుకుంటూ చివరికి బయల్దేరిన చోటికే వచ్చి పడితే అందరూ చప్పట్లు కొడతారు. ఇంతోటి దానికి ఇంట్లోనే ఉండొచ్చుగా అన్నాడాయన. "నేను చేస్తున్నది అదేగా, చప్పట్లు కొట్టేవాళ్లే లేరు" అంది తాయారు.

అలా అంటూనే ఒక్క మ్యాచ్ మానలేదు. కారణం కూతురు ప్రవల్లిక. ఇంట్లో వల్లి. జట్టులో బంతి విసిరేది ఆ పిల్లే. చెయ్యి వెనక్కి తీసి, ఒక కాలు లేపి విసిరిందంటే ఎదుట కర్ర పట్టుకున్న పిల్లకి గాలి తప్ప ఏమీ తగిలేది కాదు, అలా మూడుసార్లు తప్పితే ఔటే. డ్రిల్లు మాష్టారు ఏసుపాదం గారు ఆ చెయ్యి చూసి, ఈ పిల్ల రాష్ట్రం జట్టులో ఉండాల్సిందేనని ఎప్పుడో తేల్చేశారు. దానికి వయసు పరిమితి ఉంది. వల్లికి ఇదే ఆఖరి ఏడు. సెలెక్టర్లు ఫైనలుకి వస్తారు, చూస్తారు, తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే ఆ పిల్ల చెయ్యి రేపట్నుంచి కాలేజీ రికార్డులు రాసుకోవడానికే.

సరిగ్గా ఆ ఏడే రాష్ట్ర సమగ్ర బేస్‌బాల్ వికాస మండలికి జ్ఞానోదయం అయింది.

మండలి చాలాకాలంగా ఒక ప్రశ్నతో సతమతమవుతోంది. ఈ ఆట ఎవరూ ఎందుకు చూడరు? సమావేశాలు జరిపారు. ఉపసంఘాలు వేశారు. జీడిపప్పు తెప్పించారు. చివరికి తీర్మానం బయటికొచ్చింది: "క్రీడకు ప్రాణము క్రీడాకారులు కారు, అభిమానులు. కావున ఈ సంవత్సరపు పోటీలు ప్రయోగాత్మకముగా నిర్వహింపబడును. అభిమాని నోట వెలువడిన ప్రతి సూచనయు తదుపరి పోటీలో నిబంధనగా అమలు చేయబడును."

దీన్ని అమలు చేయడానికి రావులపాలేనికి వచ్చినాయన పేరు సదానందం. హోదా అభిమానుల అనుభూతి సమన్వయాధికారి. చాలా మంచివాడు. సర్వీసంతా రాజధానిలో ఫైళ్ల మధ్య గడిపినవాడు కావడంతో మాటకి ఒకటే అర్థం ఉంటుందని, అది పైకి వినబడేదేనని ఆయన నమ్మకం. అలాంటి మనిషిని గోదావరి జిల్లాకి పంపకూడదని మండలిలో ఎవరికీ తోచలేదు.

ఆయన మెట్ల మీదికి వచ్చి, సెల్‌ఫోను రికార్డింగులో పెట్టి, దాన్ని హారతి పళ్లెంలా తాయారు ముందు పట్టుకుని, ఆట గురించి ఏదైనా సూచన చేయమని వినయంగా అడిగాడు. ఎండ మండిపోతోంది. పిల్లలు చెమటలు కక్కుతూ పరిగెడుతున్నారు.

"పరుగులెందుకండీ ఈ ఎండలో" అంది తాయారు. "ఓ ఆటో పెట్టించండి. అన్ని బేసులూ తిప్పి, ఎక్కిన చోటే దింపేస్తాడు."

వెనక వ్యాపారులు భుజాలు కదిలేలా నవ్వారు. సదానందం మాత్రం కృతజ్ఞతలు చెప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం పాలకొల్లు జట్టుతో మ్యాచ్. కొట్టే పిల్ల నిలబడే చోటుకి పక్కగా ఒక ఆటో నిలబడి ఉంది. "పరుగుకు ప్రత్యామ్నాయ వాహన సదుపాయం" అని దాని వెనక బ్యానరు కట్టారు. డ్రైవరు గంగరాజు మామూలుగా కొత్తపేట రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. వల్లి స్నేహితురాలు కుందన బంతిని ఒక్కటి పీకి, పరిగెత్తబోయి, రూలు గుర్తొచ్చి ఆటో ఎక్కి కూర్చుంది. ఆటో కదల్లేదు.

"ఇంకో ఇద్దరొత్తే బయల్దేరిపోదామండీ" అన్నాడు గంగరాజు.

అంపైరు వచ్చి ఇది మ్యాచ్ అని నచ్చజెప్పాడు. ఒక్కళ్ల కోసం తిప్పితే ఆయిలు కిట్టదని గంగరాజు ఆయనకి నచ్చజెప్పాడు. ఆటో ఎప్పుడు కదలాలన్నది రూల్లో లేదు. ఈలోగా బంతి దొరకబుచ్చుకుని కుందనని ఔట్ చెయ్యడానికి పరిగెత్తుకొచ్చిన పాలకొల్లు పిల్ల, ఎలాగూ అటే కదా అని తనూ ఎక్కింది. ఆటోలో పక్కపక్కన కూర్చున్నవాళ్లలో ఒకరు ఇంకొకరికి బంతి ఆనిస్తే ఔటా కాదా అన్న ధర్మసందేహం తేల్చుకోవడానికి అంపైరు కూడా ఎక్కాడు. ముగ్గురయ్యారు కాబట్టి ఆటో బయల్దేరింది. రెండో బేసు దగ్గర అందర్నీ దిగిపొమ్మన్నాడు గంగరాజు. మూడో బేసు తన రూట్లో లేదట.

జనం నవ్వి నవ్వి మెట్ల మీంచి జారారు. సదానందం ఆ నవ్వుల్ని రికార్డు చేసి పైకి పంపాడు. "అభిమానులలో అపూర్వ చలనము" అని మండలి మురిసిపోయింది. మరుసటి వారం మెట్లు చాల్లేదు. కొత్తపేట నుంచి కూడా వచ్చారు జనం, గంగరాజు ఆటోలోనే.

కుందన తల్లి భ్రమరాంబకి ఈ వైభవం చూసి నోరు దురద పుట్టింది. పరాయి ఆడపిల్లని పట్టుకుని నలుగురిలో ఔటూ ఔటూ అని అరవడం ఏం మర్యాదండీ, ఇంట్లో పెద్దవాళ్లని ఒక మాట అడిగి చెయ్యొచ్చుగా అంది ఫోన్లోకి. అది రూలయింది. ఆ తర్వాతి మ్యాచ్‌లో ఒక్కో పిల్ల ఔటైనప్పుడల్లా అంపైరు మెట్లెక్కి వచ్చి, టోపీ తీసి, అమ్మా, మీ అమ్మాయి ఔటయినట్టు కనబడుతోంది, తమ అభిప్రాయం ఏమిటని అడిగాడు. ఒక్క తల్లీ ఒప్పుకోలేదు. అవతలి జట్టు తల్లి ఒకావిడ మాత్రం కాస్త మెత్తబడింది గానీ, "వాళ్ల నాన్నగారు భీమవరం వెళ్లారండీ, వచ్చాక కనుక్కుని చెబుతాం" అంది. ఎవరూ ఔట్ కాకపోవడంతో మొదట కర్ర పట్టుకున్న జట్టే పొద్దుగూకేదాకా కర్ర పట్టుకుంది. బంతి అందుకోవాల్సిన పిల్లలు గడ్డిలో బాసింపట్లు వేసుకుని జువాలజీ బొమ్మలు గీసుకున్నారు.

బంతి మరీ చిన్నదైపోయి కనబడట్లేదని, గుమ్మడికాయ పెట్టమని ఒక అరటిగెలల వ్యాపారి సలహా ఇచ్చాడు. పెట్టారు. మొదటి దెబ్బకే అది పగిలి ముక్కలు నాలుగు దిక్కులా ఎగిరితే, జట్టుకి దిష్టి తీశారనుకుని సగంమంది లేచి దణ్ణం పెట్టుకున్నారు. దాంతో కొట్టే పనికి గుమ్మడికాయ, మిగతా పనులకి బంతి అని మండలి సవరణ పంపింది.

ఇంతవరకూ తాయారుకి హాయిగానే ఉంది. కూరగాయల బజారులో జనం ఆవిడకి దారి ఇస్తున్నారు. రూలు తాయారుగారని పేరొచ్చింది. ఇరవయ్యేళ్లుగా వంటింట్లో వృథాగా పోయిన మాటలకి ఇప్పుడు ప్రభుత్వ ముద్ర పడుతోంది. మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఆ సంబరంలోనే చెయ్యకూడని పని చేసింది. ఒక ప్రాక్టీసు రోజున, పాత పద్ధతిలోనే ఆడుతూ, వల్లి వరసగా ముగ్గుర్ని ఔట్ చేసింది. ఒక్కరి కర్రకీ బంతి తగల్లేదు. తాయారు లోపల పొంగిపోయింది. పొంగినప్పుడు పొగిడే అలవాటు ఆవిడకి లేదు, ఆ ఊళ్లో ఎవరికీ లేదు. సదానందం ఫోను పట్టుకుని పక్కకి రాగానే, "ఏముందండీ మా అమ్మాయిది" అంది తేలిగ్గా. "అంత విసురుగా విసిరితే ఎదుటి పిల్ల ఏం కొడుతుంది పాపం. వెళ్లి చేతికిచ్చి రావొచ్చుగా."

ఆదివారం కొత్త రూలు మైకులో చదివారు. బంతి విసరడం హింసాత్మకం. ఇక మీదట విసిరే క్రీడాకారిణి నడిచి వెళ్లి, బంతిని రెండు చేతులతో ఎదుటి క్రీడాకారిణికి అందించి, నమస్కరించి వెనక్కి రావలెను.

వల్లి నడిచి వెళ్లింది. తాంబూలం ఇచ్చినట్టు బంతి ఇచ్చింది. దణ్ణం పెట్టింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. మెట్ల మీద జనం విరగబడి నవ్వుతుంటే, ఆ నవ్వులో తన మొగుడి గొంతు కూడా తాయారుకి వినబడింది. వల్లి ఒక్కసారి తలెత్తి మెట్ల వైపు చూసింది. తల్లినే చూసింది.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని, గుమ్మంలో నిలబడి అడిగింది. "ఫైనల్లో కూడా ఇలాగే ఇచ్చి రావాలామ్మా?"

తాయారు నోటికి ఏదో రాబోయింది. అలవాటు కదా, వచ్చేస్తుంది.

"వద్దు" అంది వల్లి. "ఏదీ అనకు. నీ మాటలకి ఊరంతా నవ్వుతారు, నాకూ నవ్వొస్తుంది. కానీ నాకున్నది ఈ చెయ్యొకటే. దాన్ని కూడా జోకు చేసేశావ్."

ఆ పిల్ల కోప్పడి ఉంటే తాయారు ఏదో ఒకటి అని నెగ్గేది. కోప్పడలేదు. కంచంలో అన్నం కెలికి లేచిపోయింది.

మర్నాడే తాయారు సదానందం దిగిన గెస్టుహౌసుకి వెళ్లింది. తోడు భ్రమరాంబ. ఈసారి ఒక్క వంకర మాట లేకుండా, బడిపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది: కొత్త రూల్సన్నీ తీసేయండి, పాత ఆట ఉన్నదున్నట్టు ఆడించండి, మా అమ్మాయిని బంతి విసరనివ్వండి.

సదానందం ఆప్యాయంగా నవ్వాడు. ఇంతకుముందు ఆయన అలా నవ్వగా ఎవరూ చూడలేదు.

"అర్థమైందమ్మా. కొత్త నిబంధనలు మీకు అమితంగా నచ్చాయి. అలాగే కొనసాగిస్తాం."

విషయం ఏమిటంటే, మండలి సభ్యుల్లో ఒకాయనకి ఈమధ్యే కాకినాడ అల్లుడు దొరికాడు. ఆ అల్లుడు భోజనాల దగ్గర చెప్పిన సంగతులు విని ఆయన నిర్ఘాంతపోయి, ఉపసంఘం వేయించాడు. ఉపసంఘం నివేదిక నిన్ననే అందింది: "గోదావరీ తీరవాసుల వాక్కులను విపర్యయముగా గ్రహించవలెను." వాళ్లు ఔనంటే కాదని, కాదంటే ఔనని. ఈ ఆజ్ఞ నిన్నటి నుంచే అమల్లో ఉంది.

భ్రమరాంబకి చప్పున ఉపాయం తట్టింది. అయితే మీ రూల్సు బ్రహ్మాండమండీ, ఇంతకంటే గొప్ప రూల్సు భూప్రపంచంలో లేవండీ అంది. సదానందం చేతులు జోడించాడు. పొగడ్తలకి విపర్యయం వర్తించదనీ, వాటిని యథాతథంగా స్వీకరించాలని మండలి విడిగా ఏకగ్రీవ తీర్మానం చేసిందనీ విన్నవించాడు.

ఇద్దరూ అరటితోటల పక్కనుంచి నడిచి ఇంటికొచ్చారు. తిట్టినా మెచ్చుకున్నట్టే, మెచ్చుకున్నా మెచ్చుకున్నట్టే. దారిలో భ్రమరాంబ గంగరాజుని, అంపైరుని, కాకినాడ అల్లుణ్ని వరసగా తిట్టుకొచ్చింది. తాయారు గేటు దగ్గర ఆగి, "మాట్లాడితేనే కదా తంటా" అంది. "మాట్లాడకుండా ఉందాం."

"ఎవరం?" అంది భ్రమరాంబ.

"అందరం."

రావులపాలెంలో ఇంతకంటే కష్టమైన పని ఎవరూ ఎవర్నీ అడిగి ఉండరు.

తాయారు ఇల్లిల్లూ తిరిగింది. తల్లుల్ని బతిమాలింది. వ్యాపారుల దగ్గరికి వెళ్లి, మీ ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు, మా పిల్లకిది ఆఖరి ఏడు అని చెప్పింది. ఆవిడ నోట జోకు లేని వాక్యం విని వాళ్లు కంగారుపడి వెంటనే ఒప్పుకున్నారు.

సెమీఫైనల్ రోజున మెట్లు కిటకిటలాడాయి, కానీ చప్పుడు లేదు. భ్రమరాంబ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. వ్యాపారులు నోళ్లలో కిళ్లీలు బిగించారు. మైదానంలో గుమ్మడికాయ పగిలింది. గంగరాజు ఆటో ఆపి దిగి, పులుసులోకని రెండు ముక్కలు ఏరుకుని సీటు కింద పెట్టుకున్నాడు. తాయారుకి మాట గొంతుదాకా వచ్చింది. లేచి వెళ్లి కుళాయి దగ్గర ఒక చెంబెడు నీళ్లు తాగి వచ్చి కూర్చుంది. సదానందం ఫోను పట్టుకుని వరసలన్నీ తిరిగాడు. ఏదో ఒకటి అనండమ్మా, పోనీ తిట్టండమ్మా అని వేడుకున్నాడు. ఆయన ఫోన్లో ఆ రోజు రికార్డయింది గాలీ, దూరంగా మార్కెట్లో గెలలు ఎత్తే కూలీల కేకలూ మాత్రమే.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. నిర్ణయాన్ని సదానందం గ్రౌండు గేటు దగ్గర నిలబడి స్వయంగా చదివి వినిపించాడు. "అభిమానుల మౌనము అనుభూతి పరాకాష్ఠకు నిదర్శనము. ఇంతకు మించిన అనుభూతి వారి ఆరోగ్యమునకు హానికరము. కావున అభిమానుల క్షేమము దృష్ట్యా ఫైనల్ పోటీ అభిమానరహితముగా నిర్వహింపబడును."

తల్లుల మొహాలు మాడిపోయాయి. అప్పుడు ఏసుపాదం మాష్టారు చాలా నెమ్మదిగా ఒక సందేహం అడిగారు. ఈ ప్రయోగాత్మక రూల్సు అభిమానుల కోసం కదండీ, మరి అభిమానులే లేని మ్యాచ్‌లో అవెవరి కోసం అన్నారు. సదానందం ఆలోచించాడు. ఫోను చేశాడు. పై నుంచి వచ్చిన జవాబు తర్కబద్ధంగానే ఉంది: అభిమానులు లేనిచోట అభిమానుల నిబంధనలు వర్తించవు.

మరి సెలెక్టర్లో? వాళ్లు లోపలికి వెళ్లాలంటే అభిమానులు కాకూడదు. "బేస్‌బాల్ పట్ల మాకు ఎట్టి అభిమానమూ లేదు" అని వాళ్ల చేత అందరి ముందూ ప్రమాణం చేయించారు. దానికి వాళ్లు ఏమాత్రం ఇబ్బంది పడలేదు.

ఫైనలు రోజున గేటుకి తాళం పడింది. లోపల పాలకొల్లు పిల్లలు, రావులపాలెం పిల్లలు, రెండు జట్ల మాష్టార్లు, అంపైరుగా పొరుగూరి డ్రిల్లు మాష్టారు ఒకాయన, సెలెక్టర్లు. బయట రోడ్డు మీద ఊరంతా. అభిమానుల్ని గమనించడమే తమ విధి కాబట్టి మండలి అధికారులు కూడా బయటే నిలబడ్డారు. గంగరాజు ఆటోకి అనుమతి లేకపోవడంతో వాడు కొత్తపేట రూట్లోకి వెళ్లిపోయాడు. ప్రహరీ గోడ ఎత్తు. మీద గాజుపెంకులు. ఎవరికీ ఏమీ కనబడదు.

తాయారు గోడకి దగ్గరగా వెళ్లి నిలబడింది. ఎండకి గోడ కాలిపోతోంది. లోపల్నుంచి ఒక ఈల. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఠప్పుమని ఒక చప్పుడు, తోలు బంతి తోలు గ్లవ్‌లో పడ్డట్టు. కర్ర చప్పుడు లేదు. మళ్లీ ఠప్పు. మళ్లీ.

"ఏమిటది?" అంది భ్రమరాంబ గుసగుసగా.

తాయారు వేలెత్తి ఆగమంది. మొదటిదాని కంటే రెండోది గట్టిది, మూడోది ఇంకా గట్టిది. లోపల ఎవరో పిల్ల కర్ర నేలకి కొట్టుకుంటూ వెనక్కి వెళ్తున్న అలికిడి.

సదానందం అలవాటు కొద్దీ ఫోను తీసి ఆవిడ మొహం ముందు పెట్టాడు. ఈ క్షణాన మీ అనుభూతి ఏమిటమ్మా అన్నాడు.

"ఉండండి బాబూ, మా అమ్మాయి విసురుతోంది" అంది తాయారు.

ఆయన పాపం తికమకపడ్డాడు. దీన్ని విపర్యయంగా గ్రహించాలా, యథాతథంగానా అని అడిగాడు. ఆవిడ గోడకి చెవి ఆనించింది. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, ఫోను జేబులో పెట్టుకుని, తనూ వచ్చి గోడకి చెవి ఆనించాడు. మళ్లీ ఠప్పుమంది. ఆయన ఉలిక్కిపడి, గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. చాలాసేపటికి, "ఇది చాలా బావుందే" అని తనలో తను అనుకున్నాడు. అది ఏ ఖాతాలోనూ నమోదు కాలేదు.

మధ్యలో రెండుసార్లు కర్ర చప్పుడు కూడా గట్టిగానే వినబడింది. పిల్లల అరుపులు, పరుగులు. ఎవరు పరిగెడుతున్నారో, ఎవరు పడిపోయారో తెలియదు. అలా తెలియకుండానే గోడ నీడ రోడ్డు మీదికి సాగింది.

తాళం తీశారు. ముందు ఏసుపాదం మాష్టారు బయటికొచ్చారు. ఓడిపోయామండీ, ఒక్క పరుగు తేడా అన్నారు. పాలకొల్లు పిల్ల కూడా బాగా విసిరిందట. వల్లినీ ఆ పిల్లనీ, ఇద్దర్నీ రాష్ట్రం క్యాంపుకి రమ్మన్నారని చెప్పారు.

ఆ వెనక వల్లి వచ్చింది. మోచేతుల దాకా ఎర్రమట్టి, జుట్టంతా రేగిపోయి ఉంది. తల్లిని చూసి ఆగింది. భ్రమరాంబ, వ్యాపారులు, ఇన్ని రోజులు నోళ్లు కట్టుకున్న ఊరంతా తాయారు వైపు తిరిగారు. ఇన్నాళ్ల బాకీ ఆవిడ ఒక్కమాటతో తీర్చేస్తుందని వాళ్ల ఆశ.

"బాగా విసిరావమ్మా" అంది తాయారు.

వల్లి మిగతా మాట కోసం ఎదురుచూసింది. తోక ఎక్కడో ఉంటుందని తల్లి మొహమంతా వెతికింది. ఏమీ కనబడలేదు.

"నువ్వెక్కడ చూశావ్? గోడలోంచా?" అంది చివరికి, అచ్చం తల్లి గొంతుతో.

"వినపడింది" అంది తాయారు.